తలుపు వెనుక వేలాడుతున్న జాకెట్టు

ప్రశ్న:

గుంటూరు నుంచి ఒక పాఠకుడు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. విషయం ఇది.

ఆయన వయసు 38. ఉద్యోగం విజయవాడలో, బెంజి సర్కిల్ దగ్గర. రోజూ 350 సీసీ బండి మీద కాజ టోల్‌గేటు, మంగళగిరి, కనకదుర్గ వారధి మీదుగా వెళ్లి వస్తారు. ఒక్కో వైపు సుమారు 35 కిలోమీటర్లు. కిందటి అక్టోబరులో వాన వెలిసిన ఒక సాయంత్రం సర్వీసు రోడ్డు మలుపులో ఇసుక మీద బండి జారింది. వేగం నలభై కూడా దాటి ఉండదంటారు. రెండు అరచేతులూ దోక్కుపోయాయి, కుడి మోకాలికి ఏడు కుట్లు పడ్డాయి, హెల్మెట్ పక్క భాగం రోడ్డుకు కొట్టుకుంది. పదకొండు రోజులు సెలవు పెట్టారు. ఆ పదకొండు రోజులూ అన్నం భార్యే కలిపి తినిపించారు.

అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. నాన్నగారు "బండి అమ్మెయ్" అన్నారు. భార్య మాత్రం "అమ్మనక్కర్లేదు, కానీ ఒంటికి అన్నీ వేసుకుంటేనే తాళం ఇస్తాను" అన్నారు. ఈయన పని మీద హైదరాబాదు వెళ్లినప్పుడు 14,500 రూపాయలు పెట్టి రైడింగ్ జాకెట్టు కొన్నారు. బయట దళసరి గుడ్డ, దాని కింద వాన ఆపే పొర, ఇంకా లోపల చలి ఆపే పొర. లోపల స్వెటరు పడుతుందని ఒక సైజు పెద్దది తీసుకున్నారు. డిసెంబరు, జనవరి నెలల్లో హాయిగా ఉంది. ఏప్రిల్‌లో పంతం కొద్దీ నాలుగు రోజులు వేసుకున్నారు. అయిదో రోజు వారధి మీద వాహనాలు ఆగిపోయిన చోట కళ్లు తిరిగాయి. బండి పక్కకు తీసి, జాకెట్టు విప్పి, ట్యాంకు మీద వేసుకుని ఇల్లు చేరారు. అప్పటి నుంచి అది పడకగది తలుపు వెనుక కొక్కేనికి వేలాడుతోంది. ఆఫీసులో "వ్యోమగామి గారు" అన్న పేరు మాత్రం మిగిలింది. "మా ఆవిడ రోజూ పొద్దున ఆ కొక్కెం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూస్తుంది. ఏమీ అనదు. తిట్టినా బాగుండేది" అని రాశారు.

ఇప్పుడు ఆయన చేతిలో 20,000 రూపాయలు ఉన్నాయి. వాటితో ఏమి కొనాలి? లెదర్ మంచిదా? మెష్ జాకెట్టు అంటున్నారు, వల లాంటి ఆ గుడ్డ ఏమి ఆపుతుంది? సీఈ, ఏఏ, లెవెల్ 2 అనే ముద్రలకు అర్థం ఏమిటి? ఎప్పటికైనా లడఖ్ వెళ్లాలని ఉంది కాబట్టి దానికీ పనికివచ్చేది చూసుకోవాలా? ఇదంతా మానేసి నాన్నగారి మాట వినాలా?

మధ్యలో యథాలాపంగా మరికొన్ని సంగతులు రాశారు. ఆదివారాలు భార్యను ఎక్కించుకుని తెనాలి దగ్గర ఉన్న అత్తవారి ఊరికి వెళ్తారు. ఆమె చీరలో ఒక పక్కకు కూర్చుంటారు, తలకు టోపీ లాంటి హెల్మెట్ ఉంది. ఎనిమిదేళ్ల పాపను వారానికి రెండు మూడు రోజులు బడి దగ్గర దింపుతారు. బండి అమ్మెయ్యమన్న నాన్నగారు మాత్రం తలకు తువ్వాలు చుట్టి స్కూటరు మీద రైతు బజారుకు వెళ్తారు.

జవాబు:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని. జాకెట్టు గురించి రెండున్నర పేజీలు ఉంది. మీ భార్య హెల్మెట్ గురించి ఒక వాక్యం ఉంది. మీ హెల్మెట్ గురించి అర వాక్యం: "గీతలు పడితే పాలిష్ పెట్టించాను, ఇప్పుడు కొత్తదానిలా ఉంది." నేను ఆ ఒకటిన్నర వాక్యం దగ్గరే మొదలుపెడతాను, జాకెట్టు కాసేపు కొక్కేనికే ఉండనివ్వండి.

హెల్మెట్ లోపల మెత్తటి గుడ్డ కింద థర్మోకోల్ పొర ఉంటుంది. పని అంతా దానిదే. తల రోడ్డుకు కొట్టుకున్న క్షణంలో ఆ పొర నలిగి, మెదడుకు చేరాల్సిన దెబ్బలో చాలా భాగాన్ని తాను మింగుతుంది. ఒకసారి నలిగిన చోటు మళ్లీ ఉబ్బదు, రెండోసారి పనిచేయదు. పెంకు మీది గీతలు పాలిష్‌తో పోతాయి. లోపలి నలుగుడు పోదు, పైగా కంటికి కూడా కనిపించదు. అక్టోబరులో మీ తలను కాచిన హెల్మెట్ ఆ సాయంత్రమే తన పని పూర్తి చేసింది. ఈ ఆరేడు నెలలుగా మీరు పెట్టుకుంటున్నది దాని ఆకారాన్ని. కాబట్టి మొదటి ఖర్చు ఇదే. "ఇది చేయండి" అని నేను ఖండితంగా చెప్పేది ఈ ఒక్కటే, మిగతా వాటిలో ఎంచుకోవడం మీ చేతిలో ఉంది.

కొత్తది కొనేటప్పుడు వెనుక వైపు ఐఎస్ఐ గుర్తు, దాని దగ్గర ఐఎస్ 4151 అన్న అంకె, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉన్నాయో లేదో చూడండి. 2021 జూన్ 1 నుంచి ఈ గుర్తు లేని హెల్మెట్లు మన దేశంలో అమ్మకూడదు. రోడ్డు పక్కన తాడుకు గుత్తులుగా కట్టి అమ్మే వాటి మీద కూడా ఆ గుర్తు ఉంటుంది, స్టిక్కరు అంటించడానికి ఎంతసేపు? ఈ గుర్తు ఇచ్చే ప్రమాణాల సంస్థ బీఐఎస్ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ లైసెన్సు నంబరు కొడితే తయారీదారు పేరు వస్తుంది. ఐఎస్ఐతో పాటు ఐరోపాలో వాడే హెల్మెట్ ప్రమాణం ఈసీఈ 22.06 ముద్ర కూడా ఉంటే అది ఇంకా కఠినమైన పరీక్షలు దాటినట్టు లెక్క. షాపులో దర్జీ టేపుతో కనుబొమలకు కాస్త పైగా తల చుట్టుకొలత తీయించుకోండి. హెల్మెట్ పెట్టుకుని పదిహేను నిమిషాలు అక్కడే కూర్చోండి, షాపువాడు విసుక్కున్నా సరే. బుగ్గలు కొద్దిగా నొక్కుకుపోవాలి. నుదుటి మీద ఏదో ఒక్క చోట నొప్పి పుడితే అది మీ తల ఆకారానికి కుట్టినది కాదు. గడ్డం కింద పట్టీ బిగించి, వెనుక అంచు పట్టుకుని పైకి, ముందుకు తోయమనండి. ఊడి రాకూడదు.

గడ్డం దాకా మూసే ఫుల్ హెల్మెటే తీసుకోండి. గుంటూరువారికి దీనికి ఇంకో కారణం కూడా ఉంది. ఫిబ్రవరి నుంచి మిర్చి యార్డు వైపు బస్తాల లారీల వెనుక వెళ్లినవారికి వైజరు, అంటే ముఖం ముందరి అద్దం, దించుకోవడం విలువ ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఇక జాకెట్టు. దానిలో లోపమేమీ లేదు. లడఖ్ వెళ్లే మనిషి కోసం కుట్టిన దాన్ని కాజ టోల్‌గేటు దాటే మనిషి కొన్నాడు, అంతే. మనలో చాలామంది చేసే పని ఇది. గేరు, అంటే ఈ రక్షణ సరంజామా, కొనేటప్పుడు కళ్ల ముందు మంచు కొండలు ఉంటాయి, మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకు మంగళగిరి సిగ్నలు ఉండదు. మీరు ఏడాదిలో ఏ దారిన ఎన్ని రోజులు నడుపుతున్నారో లెక్క వేసుకుంటే రెండు వందల యాభై రోజులకు పైగా ఈ ఒక్క రోడ్డే వస్తుంది. ఆ రోడ్డుకు కొనండి. లడఖ్ ప్రయాణం కుదిరిన ఏడాది ఇంట్లో ఉన్న ఆ జాకెట్టు బంగారంలా పనికివస్తుంది.

వారధి మీద కళ్లు తిరగడాన్ని మీరు "ఓర్చుకోలేకపోయాను" అని రాశారు. అందులో సిగ్గుపడాల్సింది లేదు, ఓర్చుకోవాల్సిందీ లేదు. ఒళ్లు వేడెక్కితే చూపు, ఆలోచన, బ్రేకు మీద వేలు అన్నీ మందగిస్తాయి. పడితే కాపాడాల్సిన జాకెట్టే పడేయగలదు. ఆస్ట్రేలియాలో 2018 నుంచి మోటోక్యాప్ అనే పథకం కింద రైడింగ్ దుస్తులకు నక్షత్రాలు ఇస్తున్నారు. రక్షణకు వేరుగా, ఒంటి వేడిని బయటకు పోనిచ్చే గుణానికి వేరుగా. ఆ రెండో వరుసను మన ఎండల్లో ముందు చదవాలని నాకు అనిపిస్తుంది.

మన చర్మం వేడి 34, 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. బయటి గాలి అంతకంటే చల్లగా ఉన్నంతసేపు మెష్ జాకెట్టులోంచి దూరే గాలి హాయిగా ఉంటుంది. నలభై దాటిన మధ్యాహ్నం అదే గాలి ఇస్త్రీ పెట్టె ముందు నిలబడ్డట్టు తగులుతుంది. అప్పుడు చల్లబరిచేది గాలి కాదు, ఒంటి మీద తడి ఆరడం. ఒక మే నెలలో మిర్యాలగూడ దగ్గర పెట్రోలు బంకులో బనియను కుళాయి కింద తడిపి, పిండి, మెష్ జాకెట్టు లోపల వేసుకుని బయలుదేరాను. మొదటి పది కిలోమీటర్లు వణికాను. నల్లగొండ చేరేసరికి బనియను పొడిగా ఉంది. అదే పని విజయవాడలో చేస్తే జిగట తప్ప ఏమీ మిగలదు, కృష్ణ ఒడ్డున గాలిలోనే తేమ ఎక్కువ, తడి త్వరగా ఆరదు. కాబట్టి మీ దారికి ఆ చిట్కా సగమే పనిచేస్తుంది. పొద్దున అరగంట ముందు బయలుదేరడం, మంగళగిరి దగ్గర ఒక సీసా నీళ్లు తాగడం మీకు ఎక్కువ మేలు చేస్తాయి.

వల గుడ్డ ఏమి ఆపుతుందని అడిగారు. మంచి మెష్ జాకెట్టులో వల అంతటా ఉండదు. పడితే రోడ్డుకు రాసుకునే చోట్ల, అంటే భుజం, మోచేయి, చేతి బయటి వైపు గట్టి నేత గుడ్డ ఉంటుంది. ఛాతీ, చంకల దగ్గర, చేతి లోపలి వైపు వల ఉంటుంది. చవక రకాల్లో ఆ తేడా పాటించరు, భుజం మీద కూడా వలే ఉంటుంది. అది వదిలేయండి. అరవై వేగంలో పడిన మనిషి ఆగేసరికి సుమారు ఇరవై మీటర్లు, రెండు మూడు సెకన్లు రోడ్డు మీద జారతాడు. మామూలు జీన్స్ గుడ్డ ఆ రాపిడిలో సెకను అటూ ఇటూగా చిరిగిపోతుంది. చొక్కా సంగతి చెప్పనక్కర్లేదు. మిగతా సెకన్లు చర్మమే గుడ్డ.

ముద్రల సంగతి. సీఈ అంటే ఐరోపా నిబంధనలకు తగ్గట్టు ఉందని చెప్పే గుర్తు. అక్కడ రైడింగ్ దుస్తులకు ఈఎన్ 17092 అనే ప్రమాణం ఉంది. దాని కింద ఏఏఏ, ఏఏ, ఏ అని తరగతులు. ఏఏఏ అన్నిటికంటే గట్టిది, బరువైనది, వేడిది. ఏ తేలికైనది, ఊళ్లో తిరుగుళ్లకు. మీది హైవే కాబట్టి ఏఏ ఉన్న మెష్ దొరికితే ఆగి చూడండి. బి, సి అనే తరగతులు కూడా ఉన్నాయి: బి అంటే ప్యాడ్లు లేని గుడ్డ, సి అంటే గుడ్డ బలం లేకుండా ప్యాడ్లను మోసే బనియను. సి గురించి మళ్లీ వస్తాను. లెవెల్ 1, లెవెల్ 2 అనేవి ప్యాడ్లవి. వీపు ప్యాడును పరీక్షించేటప్పుడు దాని మీద బరువు పడేసి, అవతలికి ఎంత బలం దాటిందో కొలుస్తారు. సగటున 18 కిలోన్యూటన్ల లోపు ఉంటే లెవెల్ 1, 9 లోపు ఉంటే లెవెల్ 2. అంటే వీపుకు చేరే దెబ్బ సగం.

ఇప్పుడు లేచి వెళ్లి మీ జాకెట్టు వీపు భాగంలో లోపలి జేబు తెరిచి చూడండి. భుజాలకు, మోచేతులకు అసలైన ప్యాడ్లు పెట్టి, వీపుకు మాత్రం మామూలు స్పాంజి ముక్క పెట్టి అమ్మే జాకెట్లు చాలా ఉన్నాయి. వేలితో నొక్కితే దిండులా దిగిపోయి, ఏ ముద్రా కనిపించకపోతే అది జాకెట్టుకు ఆకారం ఇవ్వడానికి పెట్టినది. అసలైన వీపు ప్యాడు విడిగా దొరుకుతుంది.

జాకెట్టు ఒక సైజు పెద్దది కావడం వల్ల వచ్చిన నష్టం వేడి కంటే ఎక్కువ. ప్యాడు ఎంత మంచిదైనా దెబ్బ తగిలే క్షణానికి మోచేతి మీదే ఉండాలి. బండి మీద కూర్చుని హ్యాండిలు పట్టుకోండి, మీ మోచేతి ప్యాడును పట్టుకుని అటూ ఇటూ తిప్పమని మీ భార్యను అడగండి. అది గడియారం ముల్లులా తిరిగితే పడినప్పుడూ అలాగే తిరుగుతుంది, ఎముక రోడ్డుకు దొరుకుతుంది. కొత్తది కొనేటప్పుడు ఈ పరీక్ష షాపులోనే చేయండి. అద్దం ముందు నిలబడి కాదు, షాపు బయట మీ బండి ఎక్కి. నిలబడితే సరిగ్గా ఉన్న జాకెట్టు కూర్చుంటే వీపు మీదికి లేచిపోవచ్చు, చేతులు పొట్టి కావచ్చు.

మీ ముందు నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి. మొదటిది, రోజూ వేసుకోగలిగే సరైన సైజు మెష్ జాకెట్టు. ఈ మధ్య నేను చూసిన ధరల్లో రైనాక్స్, వయాటెరా లాంటి మన దేశపు తయారీదారుల నుంచి ఎనిమిది, పది వేల మధ్య దొరుకుతున్నాయి. పాత జాకెట్టు ప్యాడ్లు దీని జేబుల్లో పట్టవచ్చు, ఆకారాలు అందరివీ ఒకేలా ఉండవు కాబట్టి తీసుకెళ్లి పెట్టి చూడండి. అయితే మీ డబ్బులో సగం దీనికే పోతుంది.

రెండోది ఇందాక చెప్పిన సి తరగతి బనియను. వల గుడ్డకు భుజాలు, మోచేతులు, వీపు దగ్గర ప్యాడ్లు అమర్చి ఉంటాయి. దాని మీద ఆఫీసు చొక్కా కాకుండా ఒక పాత జీన్స్ చొక్కా వేసుకోవచ్చు. "వ్యోమగామి" అనేవారు గుర్తుపట్టలేరు. చవకగా కూడా అవుతుంది. కానీ ఎముకలకు ఉన్న రక్షణ చర్మానికి ఉండదు, రాపిడికి పై చొక్కా చిరుగుతుంది. అది తెలిసే ఎంచుకోవాలి.

మూడోది, ఈ ఎండాకాలానికి జాకెట్టు జోలికి పోకుండా హెల్మెట్, గ్లౌజులు, మోకాలి గార్డులు, బూట్లు మాత్రం సరిగ్గా కొని, జాకెట్టు సంగతి జూన్‌లో చూడటం. దీనిలో భుజం, వీపు ఖాళీగా ఉంటాయి. అయినా కొక్కేనికి వేలాడే పూర్తి సరంజామా కంటే ఒంటి మీద ఉండే సగం మేలని నా లెక్క. మీ దెబ్బల జాబితా చూసినా అదే తోస్తుంది: అరచేతులు, మోకాలు, తల. జాకెట్టు ఆ రోజు ఉన్నా ఈ మూడింట్లో దేన్నీ కాపాడేది కాదు.

లెదర్ అడిగారు. రాపిడిని తట్టుకోవడంలో మంచి తోలుకు సాటి లేదు. మన ఎండలో దాన్ని తొడుక్కునేవారు రేసు ట్రాకు మీద నడిపేవారు, లేదా ఫొటో దిగబోయేవారు. వాన సంగతి కూడా ఒక్క మాటలో: లోపలి పొర నీళ్లు ఆపినా పై గుడ్డ తడిసి బరువెక్కుతుంది, ఆఫీసులో సాయంత్రం దాకా ఆరదు. పైన వేసుకునే వదులైన రెయిన్‌కోటు జత బండి పెట్టెలో పడేసుకోండి.

చేతుల దగ్గర మాత్రం బేరం ఆడకండి. పడుతున్నామని మనసుకు తెలిసే లోపే చేతులు ముందుకు చాచుకుంటాయి, ఎవరూ ఆపలేరు. మంచి గ్లౌజులో అరచేతి మడమ దగ్గర, అంటే మణికట్టుకు కాస్త పైన, గట్టి నున్నటి ముక్క ఒకటి ఉంటుంది. రోడ్డును అంటుకుపోకుండా చెయ్యి జారేలా చేయడం దాని పని. అంటుకుపోతే మణికట్టు ఎముక విరుగుతుంది, చర్మం అక్కడే మిగిలిపోతుంది. ఎండకు రంధ్రాలున్న పొట్టి రకం చాలు, కానీ మణికట్టు పట్టీ ఉండాలి. పట్టీ బిగించి వేళ్ల కొసలు పట్టుకుని లాగితే ఊడకూడదు. గ్లౌజుల ప్రమాణం ఈఎన్ 13594 ముద్ర ఉన్నవి రెండున్నర, మూడు వేలకు వస్తున్నాయి. ఎక్కువ అనిపిస్తే పదకొండు రోజులు మీ భార్య కలిపి పెట్టిన ముద్దలు లెక్కపెట్టుకోండి.

మోకాలికి ప్యాంటు మీద నుంచి పట్టీలతో కట్టుకునే గార్డులు మీకు బాగా సరిపోతాయి. ఆఫీసు దగ్గర అర నిమిషంలో విప్పి సంచిలో వేసుకోవచ్చు. పై పట్టీ మోకాలికి పైన, కింది పట్టీ పిక్కకు పైన పడాలి, లేకపోతే ప్రతి గతుకుకీ కిందికి జారుతాయి. లోపలే ప్యాడ్లున్న రైడింగ్ జీన్స్ ఇంకా మెరుగే కానీ ఆఫీసులో బట్టలు మార్చుకునే చోటు ఉందో లేదో మీకే తెలియాలి. బూట్లు చీలమండ దాటి పైకి ఉండాలి. లేసులు లోపలికి దోపుకోండి, గేరు కడ్డీకి చుట్టుకుంటాయి.

ఇప్పుడు ఆ ఒక్క వాక్యానికి వస్తాను. "ఆమెకు టోపీ లాంటి హెల్మెట్ ఉంది."

2022లో మన దేశంలో హెల్మెట్ లేక చనిపోయినవారు 50,029 మంది అని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. వారిలో 14,337 మంది బండి నడిపినవారు కారు, వెనుక కూర్చున్నవారు. మీరు పడతారని మీ భార్య భయపడుతున్నారు. ఆమె ఉన్నప్పుడు మీరు పడితే ఆమె కూడా పడతారన్న సంగతి ఆరు పేజీల్లో ఎక్కడా రాలేదు. తప్పు పట్టడానికి చెప్పడం లేదు. వెనుక మనిషిని అతిథిగా చూడటం మన ఇళ్లలో అలవాటు. తెనాలి వైపు కోతల కాలంలో రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, మినుము మొక్కలు పరిచి వాహనాల చేత తొక్కిస్తారు. అది మీకు ఇసుక కంటే ఏమి తక్కువ?

ఆమె టోపీ హెల్మెట్ ఎందుకు ఎంచుకున్నారో ముందు అడగండి. కారణాలు ఉంటాయి, అవి చిన్నవి కావు. మెడ మీద ముడి ఉంటే ఫుల్ హెల్మెట్ వెనుక అంచు ముడికి తగిలి మొత్తం కళ్ల మీదికి వాలుతుంది. పూలు నలుగుతాయి. కళ్లజోడు ఉంటే కాడలు కణతలకు గుచ్చుకుంటాయి. చీర కొంగు గాలికి వైజరు మీద కొడుతుంది. ముడి బదులు కిందికి వేసిన వదులు జడతో మొదటి చిక్కు తీరుతుంది. కళ్లజోడు కాడలకు చోటు వదిలిన హెల్మెట్లు ఉన్నాయి. గడ్డం భాగాన్ని పైకి ఎత్తే రకం కూడా ఉంది, ఊపిరాడదనేవారు దాన్ని ఇష్టపడతారు. కాస్త బరువు ఎక్కువ, గంట దాటితే మెడ లాగుతుంది. ఇవన్నీ ఆమె తల మీద పెట్టి చూడాల్సినవి. మీరొక్కరే వెళ్లి తెచ్చేస్తే ఆమె పక్కన ఇంకో కొక్కెం తయారవుతుంది.

ఒక పక్కకు కూర్చోవడం గురించి నేను ఆజ్ఞలు ఇవ్వను. అలా కూర్చుంటే పట్టుకోవడానికి ఒక్క చెయ్యే సరిగా ఉంటుంది, గట్టిగా బ్రేకు వేస్తే ఒంటిని ఆపుకోవడం కష్టం, బరువు ఒక వైపుకు లాగుతుంది. సల్వార్‌లో రెండు వైపులా కాళ్లు వేసి కూర్చుని, అక్కడికి వెళ్లాక చీర మార్చుకునేవారు చాలామంది ఉన్నారు. అత్తవారి ఊళ్లో అది కుదురుతుందో లేదో ఆమెకు తెలుసు. కుదరకపోతే చీరలోనే, కొంగు నడుముకు దోపి, వేగం యాభై దాటకుండా. వెనుక చక్రాన్ని సగమైనా కప్పే రక్షణ, పట్టుకోవడానికి పిడి, పాదం ఆనించే మెట్టు ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. మన వాడుకలో శారీ గార్డు అంటాం. అందం కోసం దాన్ని విప్పించే అలవాటు ఒకటి ఉంది. మీరూ విప్పించారా? ఉత్తరంలో రాయలేదు. విప్పించి ఉంటే షెడ్డులోనో అటక మీదో వెతకండి. ఇదీ కాకపోతే గుంటూరు నుంచి తెనాలికి రైళ్లు, బస్సులు ఉన్నాయి. కోతల నెలల్లో ఆ నాలుగైదు ఆదివారాలు వాటిలో వెళ్తే మీ మగతనానికి వచ్చే లోటు లేదు.

పాపకు పాప సైజు హెల్మెట్ కొనండి. నాలుగేళ్లు దాటినవారికి చట్టం ప్రకారమే తప్పనిసరి. పెద్దవారి చిన్న సైజు లోపల గుడ్డ కుక్కి పెట్టడం కుదరదు.

ఇక బండి అమ్మడం. నాన్నగారి మాటను కొట్టిపారేయకండి. ఎంత గేరు వేసుకున్నా రోజుకు డెబ్బై కిలోమీటర్ల హైవే ముప్పు పూర్తిగా పోదు. వైద్య పరిశోధనలను సమీక్షించే అంతర్జాతీయ సంస్థ కోక్రేన్ వారు 61 అధ్యయనాలను కలిపి చూసి, 2008లో ప్రచురించిన సమీక్షలో హెల్మెట్ మరణం ముప్పును సుమారు 42 శాతం తగ్గిస్తుందన్నారు. చాలా పెద్ద మాట అది, కానీ నూరు శాతం కాదు. మొత్తం అమ్మేస్తే మీకు పొద్దునా సాయంత్రం రైలు సమయాలకు కట్టుబడాలి, స్టేషను నుంచి ఆఫీసుకు ఆటో ఖర్చు ఉంటుంది, మీరు నాలుగో పేజీలో రాసిన ఆ "వారధి మీద పొద్దుటి గాలి" ఉండదు. అమ్మకుండా వారానికి రెండు రోజులు, ముఖ్యంగా భోరున వాన పడే రోజులూ మే నెల వడగాలి రోజులూ, రైలుకు మారితే ముప్పు అంత మేరకు తగ్గుతుంది, బండి మిగులుతుంది. నేనైతే ఈ మధ్యదారి ఒక నెల నడిచి చూసి అప్పుడు తేల్చుకుంటాను.

లెక్క ఇలా వస్తుంది. మీ హెల్మెట్‌కు నాలుగు వేలు, ఆమెకు మూడున్నర, పాపకు వెయ్యిన్నర, మీ గ్లౌజులకు మూడు, మోకాలి గార్డులకు రెండున్నర. పద్నాలుగున్నర అయింది. మిగిలిన అయిదున్నర వేలతో చీలమండ దాటే బూట్లు, ప్యాడ్ల బనియను కొనవచ్చు. లేదా బనియను ఆపి, ఇంకో రెండు మూడు నెలల జీతంలోంచి కూడబెట్టి మెష్ జాకెట్టుకు వెళ్లవచ్చు. పాత జాకెట్టు అమ్మితే ఆ నిరీక్షణ తగ్గుతుంది, ఒక సైజు పెద్దది కాబట్టి స్వెటరు లేని రోజుల్లో మీకెలాగూ సరిపోదు. లడఖ్ కోసం దాచుకోవాలనిపిస్తే దాచుకోండి, కానీ తలుపు వెనుక కాదు, బీరువా పైన. మీ భార్య పొద్దున్నే చూసే చోట ఈసారి గ్లౌజులు పెట్టండి.

నాన్నగారి తువ్వాలు సంగతి మాత్రం మీరే చూసుకోవాలి. అందరికీ హెల్మెట్లు కొనడానికి షాపుకు బయలుదేరేటప్పుడు ఆయన్ని కూడా ఎక్కించుకోండి అందామంటే బండి మీద ఇద్దరికే చోటు. దర్జీ టేపు ఇంట్లోనే ఉంటుంది కదా, ఆయన పేపరు చదువుకుంటున్నప్పుడు కనుబొమల పైన ఒకసారి చుట్టి అంకె రాసుకుని వెళ్లండి.